మగ్గం మింగిన నొప్పిగోలీ

అబద్ధానికి కాళ్లుండవని పెద్దలంటారు. పోచంపల్లిలో దానికి కాళ్ల అవసరమే లేదు. ప్రేమ్‌సాగర్ నోట్లో కూర్చుని, పట్నం బస్సు దిగి, నేరుగా హనుమంతు ఇంటి అరుగు మీదికి వచ్చేస్తుంది. ప్రేమ్‌సాగర్ పట్నంలో ఒక కాలేజీ రసాయనశాలలో అటెండరు. సాయంత్రం మగ్గం దిగిన హనుమంతు చాయ పోయిస్తాడు, ఆయన కోతలు కోస్తాడు. ఇద్దరికీ బావాబామ్మర్దుల వరస.

ఆ సాయంత్రం గుర్వమ్మ అందరికంటే ముందే వచ్చి అరుగు చివర కూర్చుంది. నలభై ఏళ్లు ఆసు పోసిన చెయ్యి ఆమెది. మేకుల చుట్టూ నూలును రోజుకు వేలమార్లు తిప్పి తిప్పి కుడి రెక్క పడిపోయింది. ఊరూరా తిరిగే వైద్యుడొకడు వేరుపొడి ఇచ్చాడు. అది మింగినప్పటి నుంచి చెయ్యి లేస్తోంది గానీ, కడుపులో మాత్రం నిప్పుల కుంపటి. దవాఖానలో డాక్టరమ్మ నొప్పిగోలీలు మింగుతున్నావా అని గుచ్చి గుచ్చి అడిగింది. వైద్యుడేమో ఉత్త వేళ్లేనని ఒట్టేశాడు. అందుకే వారం కింద చిటికెడు పొడి ప్రేమ్‌సాగర్‌కిచ్చి పరీక్ష చేయించమంది. కడుపును కాల్చే ఆ గోలీ కలిపి ఉంటే మానెయ్యాలి. కలపకపోతే మానడం దండగ. మానిన మర్నాడే చెయ్యి లేవదు. మిగిలిన పొట్లాన్ని కొంగున ముడేసుకుని జవాబు కోసం చూస్తోంది.

"ఏమాయె బిడ్డా, నా పొడి ముచ్చట?"

"జర ఆగు అవ్వా, మొదటి నుంచి చెప్పాలె," అని ప్రేమ్‌సాగర్ కాలు మీద కాలేసుకున్నాడు. "మా కాలేజీల మందు పట్టే మిషినున్నది, దానికి ఒక బొగ్గుకడ్డీ ఉంటది, పెన్సిలు ముల్లంత, దాని కొసకు మా సారు ఏందో సన్నటి నల్లనుసి పూత పూసిండు, మహిమంత గా పూతలనే ఉన్నది, పొడి కలిపిన ఉప్పునీళ్లల్ల దాన్ని ముంచి సన్నగ కరెంటు పెడితే, లోపల నొప్పిగోలీ మందుంటే తెర మీద గీత లేస్తది, ఎక్కడ లేవాల్నో సారు ముందే గుర్తు పెట్టిండు. సారు బువ్వకు పోయిండు, నేను ముంచిన. గీత లేసింది, ఏలెడంత."

"అంటే ఉన్నట్టేనా?" గుర్వమ్మ ముందుకు జరిగింది.

"విను మరి. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? అదే కడ్డీని నా సీసల మంచినీళ్లల్ల పెట్టిన. గీత మళ్ల లేసింది, జానెడు."

"నీ నీళ్లల్ల గోలీ ఎవరేసిన్రు బావా?" అన్నాడు హనుమంతు.

"గదే నా అనుమానం. నల్లా నీళ్లల్ల పెట్టిన, మూరెడు. సారు తాగి విడిచిన చాయల పెట్టిన, బారెడు."

చేతికందిన జవాబు గుర్వమ్మకు జారిపోయింది. మంచినీళ్లలోనూ, చాయలోనూ గోలీ ఉన్నదంటే ఆ గీతను నమ్మేదెట్లా? కొంగుముడిని పిడికిట్లో బిగించింది.

"ఇంక ఊకుంటనా? మిషిను బండి మీద కట్టుకొని మూసీకి పోయిన. ముంచంగనే గీత తెర దాటి, తూముల నీళ్ల తీరు నేల మీదికి పారింది. మూసీ చాపలు ఎదురీదుడు ఎందుకనుకున్నవ్? ఒళ్లునొప్పులు లేక. అక్కడికెల్లి భువనగిరి గుట్టెక్కి, పోతున్న మబ్బుల కడ్డీ గుచ్చిన. ఆ గీత చుట్టనీకి మూడు చీరల పడుగంత కాగితం పట్టింది. ముప్పై మంది సైంటిస్టులొచ్చి కడ్డీకి దండేసిన్రు."

"నీకెయ్యలేదా?"

"నేనే వద్దన్న. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? నిన్న పొద్దుగాల గీ వాకిట్లనే, నీ మగ్గం చప్పుడుల ముంచిన."

"చప్పుడులనా?"

"చప్పుడులనే. గీత లేసి ఇంటి కప్పుకు తాకింది. నీ మగ్గం గూడ గోలీ మింగుతాంది బామ్మర్ది. లేకుంటే గన్ని దెబ్బలు తిని ఒక్కసారన్న మూలుగకపోవునా?"

హనుమంతు పొట్ట పట్టుకుని నవ్వాడు. గుర్వమ్మ నవ్వలేదు.

"ప్రేమ్‌సాగరూ, ఒకదాంట్లకెల్లి తీసి ఇంకోదాంట్ల పెట్టేటప్పుడు కడ్డీని కడిగినవా?"

"కడుగుడా?" ఆయన ఛాతీ విరిచాడు. "గుడ్డ మీద తెల్లపొడి ఏసి, ఎనిమిది అంకె తీరు తిప్పుకుంట రుద్దాలని సారు గోడకు అంటించిండు. గవి చదువుకునే పోరగాండ్లకు అవ్వా. నెత్తురు తుడిస్తే కత్తికి పేరుంటదా?"

"మా ఇంట్ల రంగులద్దే దినాల్ల," అంది గుర్వమ్మ నెమ్మదిగా, "ఎర్రబానల తిప్పిన కట్టెను కడగకుండ పసుపుబానల పెట్టినోనికి మా అత్త ఆ పూట బువ్వ పెట్టేది కాదు. ఎర్ర అంటిన పసుపు పసుపైతదా? మూసీల లేదు, మబ్బుల లేదు బిడ్డా. గా గోలీ నీ కడ్డీకి అంటుకొని ఊరంత తిరిగింది. నీ నోరు గూడ గంతే. ముచ్చటకు ముచ్చటకు నడుమ కడుగవు."

హనుమంతుకు చాయ ముక్కులోకెక్కింది. ప్రేమ్‌సాగర్ కాలు మీది కాలు తనంతట తానే కిందికి దిగింది.

"కోపం కాదు బిడ్డా. ఒక్కటే అడుగుత. కడ్డీ కొత్తదేనా?"

"డబ్బీలకెల్లి అప్పుడే తీసిన్రు."

"అన్నింటికంటె ముందు దేంట్ల ముంచినవ్?"

ప్రేమ్‌సాగర్ నోరు తెరిచాడు. ముప్పై మంది సైంటిస్టులూ పళ్ల వెనక బారులు తీరి నిలబడ్డారు. కానీ ముడి మీద బిగిసిన ఆ చేతిని చూశాక, పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి ఎన్నడూ లేనిది, ఒక్క మాటతో ఆగిపోయాడు.

"పొడిల్నే."

గుర్వమ్మ కొంగుముడి విప్పింది. పొట్లాన్ని ఆయన చేతిలో పెట్టింది.

"అయితే ఆ మొదటి గీత పొడిదే. సారుకియ్యి. రుద్దిన కడ్డీతోని, ఆయన చేత్తోనే చూసి కాగితం రాయమను. డాక్టరమ్మకు చూపిస్త. అప్పటిదాంక ఇది నా నోట్లకు పోదు. నువ్వు బస్సుల గూడ ఎవ్వరికి చెప్పకు."

హనుమంతు లేపడానికి ఆమె కుడి రెక్క పట్టుకోబోయాడు. గుర్వమ్మ ఎడమ చెయ్యి అందించింది. రేపటి నుంచి ఎట్లాగూ ఆ చేతితోనే బతకాలి.