గాలి మీద దరువు

నీళ్లల్ల పడలేదు తమ్మీ, ఎన్నిసార్లు చెప్పాలె? కింద పడలేదు. ఎవ్వరూ తొక్కలేదు. తార్నాకల ఇన్ని ఫోన్ల దుకాణాలున్నయ్, దయాకర్ ఒక్కడే పని తెలిసినోడు అని నీ దగ్గరికి ఉరికొస్తె, పోలీసోని లెక్క సవాలు మీద సవాలు!

వెనక మూత లేచిందా? ఏమో మరి. జిగురు ఇడిసిందేమో. ఎండలు చూస్తున్నవు గద! నేను యూనివర్సిటీల మాలీని, కొమురెల్లిని. ఇరవై ఏండ్ల సంది చెట్లకు నీళ్లు పడుతున్న. ఫోను కడుపుల ఏముంటదో నాకేం ఎర్క?

సంచి గాడ పెట్టను, నా ఒడిలనే ఉండనీ. నువ్వు పని చూడు. నాలుగింటికి పిల్ల వాపస్ వస్తది. ఐదింటికి అందరి ముందల వాయించే ఆట. ఇప్పుడెంతయింది? మూడు దాటిందా! అయ్యో, చెయ్యి ఆడియ్యి తమ్మీ!

ఎవరి ఫోనంటవా? అక్షరమ్మది. మా క్యాంపస్‌ల సంగీతం మీద పెద్ద చదువు చదువుతున్నది. నీకెట్ల చెప్పాలె... ఆ పిల్లకు ఫోనంటె మాట్లాడెటందుకు కాదు, వాయించెటందుకు. నవ్వకు! ఫోను అడ్డం తిప్పితె బొమ్మ గూడ అడ్డం అయితది సూడు, లోపల దానికి తెలుస్తదట గద, ఎటు ఒంగినమో, ఎంత జోరుగ ఊపినమో. సెన్సర్ అంటరు. అక్షరమ్మ దానికి సప్పుడు జోడిచ్చింది. చెయ్యి జాడిస్తె దుమ్ అంటది. మెల్లగ ఒంచితె, బోరుల నీళ్లు పైకొచ్చే ముందల గుర్ర్‌మంటది సూడు, అచ్చం గట్ల. నాకైతె ఆ గుర్ర్ మస్తు ఇష్టం.

నన్నెట్ల కలుపుకున్నరా? ఏముంది, ఒకరోజు ఐదుగురు పిల్లలు చెట్టు కింద నిలబడి ఫోన్లు ఊపుతున్నరు, ఈగలు తోలినట్టు. అక్షరమ్మ కంప్యూటర్ ముందల తల పట్టుకొని కూసున్నది. ఒక్కనికీ దరువు లేదు! నేను పైపు పట్టుకొని ఎంతసేపని ఓపిక పట్టాలె? బకెట్ బోర్లేసి కొట్టి చూపిచ్చిన. మాది మాణికేశ్వర్ నగర్, మా గల్లీల బోనాలకు డప్పులు మా జట్టువే. మా నాయన పోయినంక జట్టుకు పెద్దను నేనే.

అక్షరమ్మ ఉరికొచ్చి తన ఫోను నా మణికట్టుకు కట్టింది. "కొట్టు కాకా" అన్నది. దేన్ని కొట్టాలె బిడ్డా అంటె, "గాలిని" అన్నది!

కొట్టిన తమ్మీ. గాలినే కొట్టిన. స్పీకర్ల దుమ్ దుమ్మని మోగింది. తోలు లేదు, పుల్ల లేదు, భుజానికి బరువు లేదు, ఒట్టి చెయ్యి! ఈ వయసుల నాకు గంత నవ్వు ఎక్కడి నుంచి వచ్చిందో. అప్పటి సంది, రెండు నెలలాయె, పని దిగంగనే గాడనే ఉంటున్న. ఇంట్ల నా పెండ్లాం సమ్మక్క అడుగుతది, ఒట్టి చేతులు ఊపి వస్తవు, దానికి గింత అలుపేందని.

వాల్ల పెద్దసారు ఉన్నడు, సోమయాజులు సారు. మంచోడే. కని మొన్న అననే అన్నడు. "ఆయనకి ఇవన్నీ అలవాటు లేవమ్మా. ప్రదర్శన రోజు ఏదన్నా తేడా వస్తే నీ చదువు దెబ్బతింటుంది" అని. నేను గాడనే మొక్క నాటుతున్న. అక్షరమ్మ ఏమన్నదో ఎర్కనా? "కాకా చేతిల ఉంటె నా చేతిల ఉన్నట్టే సార్" అన్నది.

ఆ మాట కోసమే నీ దగ్గరికి ఇట్ల ఉరికొచ్చిన. ఇవ్వాల పగటీలి ఫోను నా చేతిలనే పెట్టి బువ్వకు పోయింది.

ఏంది? ఏం ఖరాబ్ కాలేదా? మస్తు వేడెక్కింది, గంతేనా? సల్లవడితె దానంతట అదే లేస్తదా? మరి ఫ్యాను ఇటు తిప్పవయ్యా! నేను ఊదనా? సరె సరె, ఊదను.

వెలిగింది! చూడు చూడు, వెలిగింది! ఇటియ్యి. ఆ నీలం గుండ్రం ఒత్తాలె. ఇగో... దుమ్! విన్నవా? మల్ల ఇగో, ఒంచుతున్న... గుర్ర్! బోరు నీళ్లు! హహ్హ, నువ్వు గూడ తల ఊపుతున్నవు తమ్మీ, నేను చూసిన!

మల్ల ఏంది? పొగ వాసననా? ఫోనుకా?

...సరె. జర దగ్గరికి రా. చెప్త.

మంటకు కాగబెట్టిన. ఎండుటాకులు పోగేసి, అంటువెట్టి, ఆ సెగకు పట్టుకున్న.

గట్ల చూడకు! నాకేం పిచ్చి లేసిందనుకున్నవా? డప్పును మంటకు కాగబెట్టకుంటె పలకది. ఆ పని జట్టుల పెద్దోనిది. మా నాయన చేసిండు, ముప్పై ఏండ్ల సంది నేను చేస్తున్న. ఫోనుకు తోలు లేదని నాకు తెల్వదా? తెల్సు. కని వాల్లు పిల్లలు తమ్మీ, మొదటిసారి నలుగురి ముందల నిలబడ్తున్నరు. ఒకడైతె పొద్దుగాల నుంచి గోర్లు కొరుకుతనే ఉన్నడు. ఏమీ చెయ్యకుండ ఒట్టిగ చేతికిస్తె, నేనేం పెద్దోన్ని? జర సెగ తగిలిచ్చి ఇద్దామనుకున్న, మంచిగ పలకాలని. జర ఎక్కువ తగిలింది.

అక్షరమ్మకు నేనే చెప్త. చేతికిచ్చేటప్పుడే చెప్త. తన చేతిల ఉన్నట్టే అన్న పిల్లకు దాచిపెడితె ఎట్ల? తిడితె తిట్టనీ, ఆట కొట్టినంక కడుపునిండ తింట తిట్లు.

అరె, ఆ ఫ్యాను బందు చెయ్యకు! ఇంకొక్క మాట. మా డప్పులల్ల ఒక కట్టుబాటు ఉన్నది తమ్మీ. జట్టు మొత్తం ఒక్క మంట మీదనే కాగాలె, లేకుంటె ఒక్క తీరుగ పలకది. ఇవ్వాల అక్షరమ్మ ఏం చెప్పిందంటె, ఆట దాక ఎవ్వరూ ఫోను ముట్టొద్దు, చార్జింగ్ దిగుతది, అన్నీ కాకా దగ్గర పెట్టుండ్రి అని. పెట్టి పోయిండ్రు.

ఇగో సంచి. ఇంకా ఐదున్నయ్.