ఠాకూర్ గుమ్మంలో పాతిన తీగలు

"పంతొమ్మిది వందల ఎనభై ఏడు, నడి ఎండాకాలం. వరసగా మూడో కరువు. మేకలు ఎండు మోళ్లు కొరుకుతున్నాయి, మనుషులు మేకల్ని చూస్తూ కూచున్నారు. ఇసకలో కాలు పెడితే కాలు తిరిగి వస్తుందో రాదో తెలీని ఎండ. ఆ ఎండలో, మిట్టమధ్యాహ్నం, నేనొక్కణ్ణే, వట్టి చేతుల్తో, ఠాకూర్ గుమాన్ సింగ్ గుమ్మం ముందు గొయ్యి తవ్వాను."

సుమార్ ఖాన్ ఈ కథ ఎప్పుడు చెప్పినా ఇక్కడే మొదలుపెడతాడు. నా టీకొట్టు బల్ల మీద కూచుని ఎన్నిసార్లు చెప్పాడో నేను లెక్కపెట్టలేదు. కానీ పోయిన చలికాలం ఆ రోజున వినేవాళ్లలో కొత్తగా ఒకాయన ఉన్నాడు. గుమాన్ సింగ్ కొడుకు లాధూ సింగ్. అరవైకి దగ్గరపడ్డ మనిషి. వేరే రోజైతే కబురు పంపేవాడు, ఆ రోజు తనే నడిచి వచ్చి ఎదురు బల్ల మీద కూచున్నాడు. ఎల్లుండి ఆయన చిన్న కూతురి పెళ్లి. ఆ ఇంటికి పాడేవాడు లేడు.

మా ఎడారి వైపు పాటే వృత్తిగా బతికే మాంగణియార్లకి తరతరాలుగా ఒక్కొక్కరికీ ఒక్కో యజమాని ఇల్లు ఉంటుంది. ఆ ఇంట్లో పుట్టుకకీ పెళ్లికీ చావుకీ వాళ్లే పాడాలి, ఆ ఇంటి తాతముత్తాతల పేర్లు వాళ్ల నోట్లోనే ఉంటాయి. యజమాని అవమానిస్తే పాడేవాడు గొడవ పడడు. కమానుతో వాయించే తన కమాయిచా తీగలు విప్పి ఆ గుమ్మం ముందు పాతి వెళ్లిపోతాడు. అంతటితో తెగినట్టు. ఇక ఏ ఊరి మాంగణియారూ ఆ గుమ్మం తొక్కడు. ఆ తీగలు మళ్లీ తవ్వి తీసే హక్కు పాతినవాడికే ఉంది. లాధూ సింగ్ అడగడానికి వచ్చింది అదే. "వచ్చి తవ్వుకో సుమార్‌జీ," అన్నాడు. సుమార్ గ్లాసు పక్కన పెట్టాడు. కథ మొదలుపెట్టాడు.

"ఎంత లోతు తవ్వావు కాకా?" అన్నాడు మూలారామ్. బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఎదుటివాణ్ణి ఏదో ఒకటి అడక్కుండా ఇప్పటికీ ఉండలేడు.

"మోచేతి లోతు."

"పోయిన హోళీకి జానెడే అన్నావు."

"ఇసక కదురా, లోతు మారుతుంటుంది. వినేవాడివి విను. ఎందుకు తవ్వానో తెలుసా? ఇదిగో, ఈ హుకుం, ఈ దొరగారి పెళ్లికే. వరుడు ఒంటె ఎక్కాడు. ఊరేగింపు కదిలేముందు నేను గుమ్మంలో నిలబడి వంశం పాడుతున్నాను. ఒక్కో తాత పేరూ తీస్తుంటే ముసలాళ్లు మీసం మీద చెయ్యేసుకుంటున్నారు. సగం పేర్లు కూడా కాలేదు, పెద్దాయన, వీరి నాన్నగారు, 'చాల్లే సుమారూ, బార్మేర్ నుంచి టేపురికార్డరు తెప్పించాం, దాన్ని పెట్టనీ' అన్నారు. పెట్టారు. వాళ్ల ముత్తాత పేరు నా నోట్లో ఉండగానే దాని మీద సినిమా పాట."

"నిజమే," అన్నాడు లాధూ సింగ్, గ్లాసులోకి చూస్తూ. "అంతవరకూ నిజమే."

"అంతవరకేంటి హుకుం, మొత్తం నిజమే. అక్కడే తీగలు విప్పాను. మా నాన్న మేకపేగుతో పేనిన తీగలు, మూడు. పాతి, మట్టి కప్పి, తలపాగా దులుపుకుని నిలబడ్డాను. అంతే, ఆ టేపురికార్డరు టేపు మింగేసింది. మూరలకొద్దీ మింగింది. మెకానిక్కు వచ్చి నోరు తెరిపిస్తే లోపల టేపు లేదు."

"ఏమైంది?" అన్నాడు మూలారామ్.

"అరిగిపోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వరుడి ఒంటె కూచుంది. ముక్కుతాడు లాగారు, బెల్లం పెట్టారు, తోక మెలేశారు, లేవలేదు. మూడు రోజులు."

"గంటసేపు," అన్నాడు లాధూ సింగ్.

"మూడు రోజులు హుకుం."

"దాని మీద కూచున్నది నేను సుమార్‌జీ. గంటసేపే."

"పైన కూచున్నవాళ్లకి తెలీదు. కింద నిలబడి చూసినవాళ్లకి మూడు రోజులు."

మూలారామ్ పొలమారి దగ్గాడు. అప్పుడే సుమార్ అక్క దరియా పాలక్యాను పట్టుకుని వచ్చింది. భర్త పోయిన దగ్గర్నించీ తమ్ముడి ఇంట్లోనే ఉంటుంది, ఎనభై ఏళ్లు దాటాయి. మేకపాలు రోజూ నాకే పోస్తుంది. క్యాను నాకిచ్చి, ఖాళీ అయ్యేదాకా గోడ నీడలో కూచుని ఒంటె వెంట్రుకలు వడకడం మొదలుపెట్టింది. తమ్ముడి కథ వినబడుతున్నట్టే లేదు ఆమె ముఖంలో.

"సరే, ఒంటె సంగతి వదిలెయ్యండి," అన్నాడు సుమార్, చాలా పెద్ద మనసుతో. "అసలు సంగతి నేల కింద జరిగింది. తీగలు దిగడం మొదలుపెట్టాయి. మేకపేగు కదా, దాహం వేస్తుంది. నీళ్లు వెతుక్కుంటూ వేళ్లలా దిగాయి. వంద మూరలు, రెండొందల మూరలు, దిగి దిగి ఊరిబావి ఊట దగ్గర తేలాయి. మర్నాడు పొద్దున్నే ఆడవాళ్లు తోడితే ఏం వచ్చిందనుకున్నారు? బొక్కెనలో నీళ్లు లేవు. రాగం వచ్చింది. ఏం చేస్తారు పాపం, అంత దూరం వచ్చి వట్టి కుండల్తో ఎలా పోతారు? కుండల్లో పోసుకుని, ఒలికిపోకుండా పైన గుడ్డ కప్పుకుని ఇళ్లకి మోసుకుపోయారు. వంచితే పూటంతా మోగేది. పిల్లలకి అదే పట్టించారు, దాహం కూడా తీరింది."

"నాకు గుర్తులేదే," అన్నాను నేను. నాకు అప్పుడు పాతికేళ్లు.

"నువ్వు చెవిటివాడివి ఖేతా, నీ టీ తాగితేనే తెలుస్తుంది."

"చెవికీ టీకీ ఏం సంబంధం?"

"పాలు పొంగే చప్పుడు వినబడదు నీకు. సరే, ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఊట దగ్గర ఆగలేదు తీగలు. పడమటికి తిరిగాయి. ముళ్లకంచె కింద నుంచి సరిహద్దు దాటిపోయాయి. వాటికి కాగితాలెందుకు? ఇటు సైనికుడు నేలకి చెవి ఆనించాడు, అటు సైనికుడూ ఆనించాడు. ఇద్దరూ తుపాకులు పక్కన పెట్టి బోర్లా పడుకుని విన్నారు. పై అధికారి ఎవరో వచ్చి, 'వీళ్లు చచ్చారా?' అని వంగి చూసి, తనూ పడుకున్నాడు. నెల తిరక్కుండా అవతల నుంచి నాకు ఉత్తరం వచ్చింది. 'ఖాన్ సాబ్, అంతా బాగుంది, మూడో తీగ కాస్త దిగింది, బిగించండి' అని."

"ఆ ఉత్తరం ఏదీ?" అన్నాడు మూలారామ్.

"మేక తినేసింది. కరువు కదా."

నవ్వనివాళ్లు ఇద్దరే. ఒకరు దరియా. రెండోవాడు లాధూ సింగ్. ఆయన గ్లాసు కింద పెట్టి మెల్లిగా అడిగాడు. "మరి ఇప్పుడు తవ్వితే దొరుకుతాయా?"

"ఎక్కడ తవ్వుతారు హుకుం? ఒక కొస సింధులో ఉంది."

"ఆ చోట కట్టిన మెట్లు పగలగొట్టిస్తాను. కూలీల్ని పెట్టిస్తాను. నువ్వొచ్చి చెయ్యి తగిలిస్తే చాలు, మిగతాది వాళ్లు లాగుతారు."

"లాగితే ఊరు కదులుతుంది. మీకు తెలీదు, ఆ కరువు ఎవరు తీర్చారనుకున్నారు? పై ఏడు ఆషాఢంలో ఒక మేఘం వచ్చింది. ఒకటే, నల్లటిది. నేల కింద మోత వింటూ దారి పట్టుకుని వచ్చి సరిగ్గా నా గుడిసె మీద ఆగింది. చూరు మీద గడ్డం ఆనించి, 'సుమారూ, కిందనుంచి విన్నది చాలదు, ఎదురుగా కూచుని ఒక పాట పాడు' అంది. నేనేం చెప్పను? 'అమ్మా, నా తీగలు పాతేశాను. కమాయిచా బోడిగా ఉంది' అన్నాను. అంతమాట వినేసరికి మేఘం ఏడ్చింది. తొమ్మిది రోజులు ఏడ్చింది. మీరంతా వాన అన్నారు. సజ్జ చేలు ఒంటె మెడ ఎత్తు పెరిగాయి. ఇప్పుడు చెప్పండి, ఆ తీగలు పీకి మళ్లీ కరువు తెమ్మంటారా?"

ఇంత గొప్పగా అతను ఎప్పుడూ చెప్పలేదు. మూలారామ్ చేతిలో టీ చల్లారిపోయింది.

లాధూ సింగ్ లేచాడు. "వద్దులే సుమార్‌జీ," అన్నాడు. "కరువు నేను అడగను. బార్మేర్‌లో డీజేకి చెప్పి పెడతాను. నా భార్య పేర్లు వినకుండానే మా గుమ్మంలోకి వచ్చింది, నా కూతురు వినకుండానే దాటుతుంది." రెండడుగులు వేసి ఆగాడు. "నాన్న పోయే రోజు పొద్దున్న అడిగారు, పాడేవాళ్లు ఎవరూ రాలేదా అని. వస్తున్నారని అబద్ధం చెప్పాను. నీ దగ్గర దాచడం ఎందుకు."

సుమార్ తలపాగా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "నాకెవరూ చెప్పలేదు," అన్నాడు.

"ఒరే సుమారూ," అంది దరియా, కదురు ఆపకుండా. "నా మంచం నులక కోసింది ఎవడ్రా?"

"అక్కా, పాలు పోశావుగా, ఇక ఇంటికి పో."

"పోతాలే. ఆ రోజు పొద్దున్న నా మంచం కాళ్లవైపు నాలుగు మూరల నులక కోసి, నెయ్యి రాసి, పసుపు పూసి మొలలో దోపుకుపోయింది ఎవడు? ముప్పై ఆరేళ్లుగా మడమలు పల్లంలో పెట్టుకుని పడుకుంటున్నా. నాన్న పేనిన తీగలు నువ్వు సజ్జపిండి కుండలో దాచావు. రొట్టెలకి పిండి తీస్తుంటే నా చేతికే తగిలాయి. తర్వాత పదకొండేళ్లు వాటినే వాయించావు, అవి తెగేదాకా."

లాధూ సింగ్ వెనక్కి తిరిగాడు.

"పొద్దున్నే కోశాడా?" అన్నాడు మూలారామ్. "టేపురికార్డరు పెట్టింది మధ్యాహ్నం కదా?"

"అది ముందురోజే ఊళ్లోకి దిగింది. అందరం చూశాం. వీడికి రాత్రంతా నిద్ర లేదు."

నేను పొయ్యి తగ్గించాను. సుమార్ ముందు నా వైపు చూశాడు, తర్వాత మూలారామ్ వైపు, తర్వాత తన చేతుల వైపు.

"నాన్న తీగల్ని మట్టిలో ఎలా పెట్టను?" అన్నాడు. కథ చెప్పే గొంతు కాదది. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. "ఆ ఏడు బలిసిన మేక ఒక్కటీ లేదు, మళ్లీ పేనుకోడానికి పేగు ఎక్కడిది? మూడు రోజుల్లో పెద్దాయన వస్తారనుకున్నా. వచ్చి ఒక్క మాటంటే తవ్వి తీసి, నులక చూపించి, ఇద్దరం నవ్వుకునేవాళ్లం. ఆయన రాలేదు. మిగతా మాంగణియార్లంతా నా పరువు కోసం ఆ గుమ్మం మానేశారు. ఇక నులక అని ఎవరికి చెప్పను?"

"నాన్న నువ్వు వస్తావనుకున్నారు," అన్నాడు లాధూ సింగ్. "రోజూ సాయంత్రం కుర్చీ బయట వేయించుకునేవారు."

"నువ్వు చెప్పొచ్చుగా దరియా పిన్నీ," అన్నాను నేను.

"చెప్పుకుని తిరుగుతున్నాడు, వాడి సరదా, మేఘాన్ని కూడా ఏడిపించుకోనీ అనుకున్నా. ఎల్లుండి ఆడపిల్ల మూగ గుమ్మం దాటుతుందంటే మాత్రం ఊరుకోను."

మూలారామ్ గొంతు సవరించుకున్నాడు. "టికెట్టు కొట్టకపోతే ప్రయాణం లెక్కలోకి రాదు," అన్నాడు. "తీగలు పాతితే తెగుతుంది. నులక పాతితే ఏం తెగుతుంది?"

"నా మంచం," అంది దరియా.

అప్పుడు నవ్వాడు లాధూ సింగ్. గట్టిగా కాదు, చాలాకాలంగా మూసి ఉన్న తలుపు తీసినట్టు, మెల్లిగా. "అయితే మనకి తెగలేదా సుమార్‌జీ?"

సుమార్ మొండివాడు. తన ముప్పై ఆరేళ్ల కథ బల్ల మీద చచ్చి పడి ఉంది, దాన్ని దాటుకుని లేవాలి. "మంచి నులక," అన్నాడు చివరికి. "గట్టిది. తెగలేదు, హుకుం." లేచి చెప్పులు వేసుకున్నాడు. టీ సగం వదిలేశాడు.

మర్నాడంతా అతని గుడిసెలోంచి కమానుకి గుగ్గిలం రుద్ది తీగలు సరిచేస్తున్న చప్పుడు వినబడుతూనే ఉంది. తీగలు ఇప్పుడు ఉక్కువి, పట్నంలో కొన్నవి. మధ్యమధ్య ఏవో పేర్లు గొణిగి, ఆగి, మళ్లీ మొదటినుంచి ఎత్తుకునేవాడు. కొడుకులకి నేర్పి ఉంటే వాళ్లు అందించేవాళ్లు. యజమాని ఇల్లే లేదు, ఎవరి పేర్లు నేర్పుతాడు?

పెళ్లిరోజు పొద్దున్న ఎండ బాగా కాసింది. పిల్ల ఎర్ర ఓఢణీ ముసుగు వేసుకుని గుమ్మంలో నిలబడింది. సుమార్ మెట్టు కింద గొంతుక్కూచుని కమాయిచా ఒళ్లో పెట్టుకుని మొదలుపెట్టాడు. వెనక దరియా గొంతు కలిపింది. లాధూ సింగ్ మీసం మీద చెయ్యేసుకున్నాడు, ఆ చెయ్యి పాట అయ్యేదాకా దించలేదు. ఆయన భార్య గోడకి ఆనుకుని కళ్లు మూసుకుని వింది. డీజే కుర్రవాళ్లు వైర్లు పట్టుకుని నిలబడిపోయారు, ఎవరూ వాళ్లకి పెట్టమని చెప్పలేదు. చివర గుమాన్ సింగ్ పేరు వచ్చింది. పిల్ల గుమ్మం దాటింది.

ఆ ఇంటి వంశంలో పద్దెనిమిది పేర్లని ఊరందరికీ లెక్క తెలుసు. సుమార్ పదహారే పాడాడు. పదకొండోదీ పన్నెండోదీ అతనికి గుర్తు లేవు. అవి ఇంకెవరికీ తెలియవు, ఎక్కడా రాసి లేవు.