ఉప్పు చూసే మనిషి

కొత్తకోటలో పెద్ద రోడ్డు పక్కన పీర్ మహమ్మద్ హోటల్. రంజాన్ నెల, సాయంత్రం నాలుగు గంటలు. లోపల పీర్ మహమ్మద్, అతని భార్య అమీరున్నీసా.

"షట్టరు ఇంకింత కిందికి గుంజు, అమీరా."

"సగం దించినవు గద. మొత్తం దించితె ఏదో చేసినోళ్ల లెక్క కనపడ్తం."

"చేసినట్లే ఉన్నది మరి."

"ఏం చేసినవు? అన్నం పెట్టినవు. అన్నం పెట్టుడు గూడ తప్పేనా?"

"గా కొరియా పెద్ద సాబు మూడు చెంచాలు తిన్నడు. మూడే. చెంచా కింద పెట్టి నా మొకం దిక్కే చూసిండు. కండ్లు ఎర్రగైనయి. లేచి డ్రైవర్ అంజయ్యకు ఏందో చెప్పిండు. అంజయ్య జీపు తిప్పుకుంట 'దవాఖానకు పోతున్నం చాచా' అన్నడు. ఇంక నేనేమనుకోవాలె?"

"కడుపు ముందుగాల్నే బాగలేదేమో. పరాయి దేశపు మనిషి. గీ నీళ్లు, గీ దుమ్ము పడొద్దా?"

"వచ్చినప్పుడు నవ్వుకుంట వచ్చిండు. 'ఇచ్చట కొరియా భోజనం దొరుకును' అని బోర్డు మీదిది అంజయ్య చెప్తుంటె చప్పట్లు గొట్టిండు. సౌదిల మీవోళ్ల క్యాంపుల నాలుగేండ్లు వండిన సాబ్ అంటె నా చెయ్యి పట్టుకున్నడు. రోడ్డు కంపెనీకి అంత పెద్ద మనిషి. గా చెయ్యితోనే..."

"ఆ మాట అనకు."

"గా చెయ్యితోనే పెట్టిన."

"అనకు అన్న గద."

"రెండు గంటలైంది. ఒక్క కబురు లేదు. ఆయనకు ఏమన్న అయితె మన ఠాణాతోని పోయేది గాదు, అమీరా. నన్ను హైదరాబాదుకు తోలుతరు. విషం పెట్టినోడు అంటరు."

"నోరు మంచిగ పెట్టుకో, రోజ ఉన్నవు. ఏమేం ఏసినవో ఒక్కొక్కటి చెప్పు, నేను వింట."

"అదే చెప్పుకుంటున్న నాలో నేను. పొట్టేలు మాంసం, మన కసాయి దగ్గరిదే. పచ్చడికి క్యాబేజి. అల్లం, ఎల్లిపాయ. ఎండు మిరపకాయలు. నువ్వుల నూనె."

"నువ్వుల నూనె."

"ఎందుకట్ల అన్నవు?"

"ఏం లేదు."

"అమీరా."

"నూనె పక్కింటి గుర్వమ్మ తెచ్చింది గద, మక్తల్ గానుగ నుంచి. రేకు డబ్బల."

"తెచ్చింది. అయితె?"

"డబ్బ మంచిగ కడిగే ఉంటది లే."

"ఏం డబ్బ అది?"

"నాకేం తెలుసు. గుర్వమ్మ పెనిమిటి బీరప్ప గొర్లకు పురుగు పట్టకుంట మందు పూస్తడు గద. గా మందు గూడ గసుంటి డబ్బలనే వస్తది. గంతే. నేను మూత తీసి వాసన చూసిన. నువ్వుల వాసననే వచ్చింది."

"యా అల్లా. పొద్దుగాల నాకెందుకు చెప్పలే?"

"పొద్దుగాల నాకు భయం లేకుండె."

"గొర్ల మందు. మనిషి పోయిండు, అమీరా. మనం గూడ పోయినం."

"ఆగు. జర ఆగు. గుర్వమ్మ ఉప్పు చూసింది గద?"

"చూసింది. ఎప్పటి లెక్కనే. హోటల్ పెట్టిన సంది రంజాన్ నెలంత ఆమె నోరే గద మన వంట గంజులకు. నాలుక మీద పెట్టి ఉమ్మేస్తె రోజ పోదు అంటడు మౌల్సాబు, నాకే మనసొప్పదు. ఆమె ఎంతంటె నేను గంత ఉప్పు ఏస్త."

"ఇయ్యాల ఏమన్నది?"

"కూర, పచ్చడి గిన్నెల ఏసి చేతికిచ్చిన. అప్పుడే జీపు వచ్చింది, ముంగటికి ఉరికిన. మళ్ల లోపటికొచ్చి ఎట్లుంది చెల్లె అంటె, 'మంచిగుంది, అన్ని సరిపోయినయి' అన్నది. వడ్డించిన."

"ఇంకేం మరి? నూనెల మందు ఉంటె ఆమెకు తగలదా? తిన్నది, ఆమెకేం కాలే."

"కాలేదని నీకెట్ల తెలుసు?"

"ఎట్లంటె..."

"మళ్ల కనపడ్డదా నీకు?"

"లేదు. పోయి పండుకుంట అన్నది."

"పట్టపగలు పండుకునుడేంది?"

"తలకాయ తిరుగుతాంది అన్నది."

"ఎప్పుడు? ఎప్పుడన్నది ఆ మాట?"

"ఉప్పు చూసినంక."

"అమీరా."

"ఇందాక నీళ్లకు పోయినప్పుడు వాళ్ల తలుపు కొట్టిన. పలుకలే. నిద్రపోయింది అనుకున్న. మేకపిల్ల ఒకటే అరుస్తుండె లోపట. భయపడ్తవని నీకు చెప్పలే."

"పద. ఇద్దరం పోదాం. తలుపు పలగ్గొట్టన్న..."

"ఆగు. షట్టరు ఎవరో కొడుతున్నరు."

"పోలీసులు."

"పోలీసులు గింత మెల్లగ కొడుతరా?"

"పీరన్నా. ఓ పీరన్నా. నేను, గుర్వమ్మను. షట్టరు దించుకున్నరేంది?"

"వంగి రా గుర్వమ్మ, లోపటికి రా. నిలబడు. నన్ను చూడనియ్యి నిన్ను."

"ఎందుకు వదినె, మొకమంత తడుముతున్నవు?"

"తలకాయ తిరుగుతాంది అంటివి గద?"

"జరంత సేపు పండుకున్న. తగ్గింది."

"కడుపుల ఎట్లున్నది?"

"కడుపుల ఏముందని, వదినె."

"విన్నవా అయ్యా? ఆమె తిన్నది, మంచిగ నిలబడ్డది. నూనెల ఏం లేదు. అల్లా దయ ఉన్నది."

"ఏం నూనె? పీరన్న, మీరెందుకు గిట్లున్నరు?"

"చెల్లె, పెద్ద సాబు నా అన్నం తిని దవాఖానకు పోయిండు. గా నూనె డబ్బల ముందుగాల ఏముండె?"

"బూడిదేసి తోమిన, పీరన్న. రెండుసార్లు తోమిన."

"ఏముండె?"

"గొర్ల మందే ఉండె. రెండేండ్ల కిందిది. మంచిగ ఎండబెట్టిన గూడ."

"పోనీ. ఎట్లయితె ఏంది, నువ్వు తిన్నవు, నీకేం కాలే. గదే మాకు ధైర్యం."

"ఊఁ."

"తిన్నవు గద, చెల్లె?"

"మంచిగుంది అంటి గద."

"తిన్నవా అని అడుగుతున్న."

"వాసన మస్తుగ వచ్చింది, పీరన్న. గా ఎరుపు, గా నూనె తేలుడు..."

"గుర్వమ్మ, నోట్లె పెట్టుకున్నవా లేదా?"

"ఇయ్యాల నాకు ఒక్కపొద్దు, వదినె."

"ఒక్కపొద్దా?"

"నిన్న అంజయ్య వచ్చి రేపు పెద్ద సాబును తీసుకొస్త అన్నప్పుడు మైసమ్మకు మొక్కుకున్న. పీరన్న హోటల్ నిలబడాలె, పొద్దుమూకె దాక పచ్చి నీళ్లు ముట్ట అని. జీపు వచ్చింది, నువ్వు ఉరుకుతున్నవు. అప్పుడు నేను కాదంటె ఇంకెవరిని పిలుస్తవు? ఏనాడన్న నీ చేతి వంట తప్పిందా? ఇయ్యాల గూడ మంచిగనే ఉంటది అనుకున్న."

"అయితె ఎవ్వరు చూడలే. నేను చూడలే, అమీరా చూడలే, నువ్వు చూడలే. సాబు ఒక్కడే తిన్నడు."

"నన్ను కొట్టు పీరన్న."

"గిన్నె ఇటియ్యి, అమీరా. గంజుల మిగిలింది ఉన్నది గద."

"ఏం చేస్తవు?"

"తింట. ఏముందో తెలుస్తది."

"రోజ ఉన్నవు. ఇంక రెండు గంటలు గూడ లేదు."

"రోజ మళ్ల ఉంట. మనిషి పానం మళ్ల వస్తదా? మందు ఉన్నదని తెలిస్తె డాక్టరుకన్న చెప్పొచ్చు. ఇటియ్యి."

"వద్దయ్యా. నాకు నువ్వు కావాలె."

"జరగండి ఇద్దరు. డబ్బ నాది. అబద్ధం చెప్పిన నోరు గూడ నాదే."

"చెల్లె, వద్దు."

"గుర్వమ్మ, ఉమ్మెయ్యి. ఉమ్మెయ్యి గుర్వమ్మ."

"మింగిన."

"చేదున్నదా?"

"లేదు."

"నాలుక మండుతాందా?"

"లేదు. ఆగు, పచ్చడి గూడ చూస్త."

"మొకం గట్ల పెట్టినవేంది? ఏమైతాంది నీకు? అమీరా, నీళ్లు తే."

"నాకేం కాలే. అన్నా, ఇందుల ఉప్పు లేదు."

"ఏంది?"

"కూరల ఒక్క ఉప్పు గల్లు లేదు. పచ్చడిల అసలే లేదు. గడ్డి తిన్నట్లున్నది."

"ఉప్పు... నువ్వు ఎంతంటె గంత ఏద్దామని ఆగితి. నువ్వు సరిపోయినయి అంటివి."

"గంతేనా? మందు లేదా? యా అల్లా, ఉప్పే గదా."

"సంబరపడకు అమీరా. ఉప్పు లేదని మనిషి దవాఖానకు పోతడా? సప్పిడి కూర తిన్నోని కండ్లు గంత ఎర్రగైతయా?"

"జీపు సప్పుడు."

"మన ముంగటనే ఆగింది."

"చాచా. పీర్ చాచా. నేను, అంజయ్యను. షట్టరు లేపు."

"అంజయ్య, ఒక్క మాట చెప్పు ముందు. సాబు బతికున్నడా?"

"జీపుల కూసున్నడు. నీ మీద కోపం మీదున్నడు."

"పానం మంచిగున్నదా?"

"పానంకేమైంది? రెండు గంటలు దవాఖానల డాక్టరుతోని లొల్లి పెట్టుకుని వస్తున్నడు. చాచా, నాకన్న నిజం చెప్పు. గా డాక్టరు నీ దగ్గరికి ఎవరిని తోలిండు?"

"ఏ డాక్టరు? నాకు ఏ డాక్టరూ తెల్వదు."

"సాబుకు బీపీ ఉన్నదని డాక్టరు మూడు నెలల సంది ఉప్పు బంద్ జేపిచ్చిండు. క్యాంపుల అన్ని సప్పిడియే. అందుకే ఎవ్వరికి చెప్పకుంట నీ దగ్గరికి వచ్చిండు, ఒక్కపూట ఉప్పు తిందామని. నువ్వు గూడ సప్పిడి పెడితివి. కండ్లల్ల నీళ్లు తిరిగినయి మనిషికి. డాక్టరు నీకు గూడ చెప్పి పెట్టిండని పోయి ఆయన అంగి పట్టుకున్నడు."

"డాక్టరు ఏమన్నడు?"

"ముందు కూసోపెట్టి బీపీ చూసిండు. చూసి చెమటలు తుడుచుకున్నడు. ఇయ్యాల ఉప్పు, పచ్చడి కడుపునిండ తిని ఉంటె నీ పీనుగును నీ దేశానికి తోలేది ఉండె అన్నడు. గా హోటలాయన ఎవరో గని, నా బదులు ఆయనకు దండం పెట్టు అన్నడు."

"వదినె, నన్ను పట్టుకో. ఇప్పుడు నిజంగనే తిరుగుతాంది తలకాయ."

"దండం పెడ్తడా సాబు? రేపు మళ్ల వస్తడంట చాచా. డాక్టరు మాట వినొద్దంట, మంచిగ ఉప్పేసి పెట్టుమంటుండు. ఏం చెప్పమంటవు?"

"రేపు గూడ ఇక్కడ అందరికి ఒక్కపొద్దే, ఉప్పు చూసేటోళ్లు లేరని చెప్పు."