అరగంటలో నిండిన బ్యాటరీ

షట్టరు సగానికే లేచి ఉంది. లోపల చేపల తొట్లలో ఒక్క బుడగ లేదు. బల్లకు అటు అన్న, ఇటు చెల్లెలు, మధ్యలో కరెంటు పోతే గాలి పంపు నడిపే బ్యాటరీ. తన గొంతు లేస్తే చాలు, ఎదుటివాళ్ల తప్పు రుజువైపోయినట్టేనని నమ్మే మనిషి ఆ అన్న.

“...నాకు కథలు చెప్పకు. కరెంటు ఎనిమిదికి పోయింది. గాలి పంపు ఎనిమిదీ పదికి ఆగింది. పది నిమిషాలు! రెండు వందల చేపలు!”

“రెండు వందల పన్నెండు. ఒక్కోదాన్నీ నేనే ఎత్తి బకెట్లో వేశాను అన్నయ్యా. నాకు చెప్పకు.”

“కరెంటు వచ్చేదాకా ఏం చేస్తున్నావు మరి?”

“మగ్గుతో నీళ్లు ఎత్తి పోస్తూనే ఉన్నాను. నాలుగు గంటలు. తొట్లు పద్నాలుగు, చేతులు రెండే.”

“ఆ చేతులతోనే చార్జింగు సరిగ్గా పెట్టుంటే సరిపోయేది.”

“పెట్టాను. ప్రతి ఆదివారం. నువ్వు నేర్పినట్టే. కిటికీ తెరిచి, బ్యాటరీలో నీళ్లు చూసి, ముందు క్లిప్పులు, ఆ తర్వాతే స్విచ్చి.”

“ఎంతసేపు?”

“పచ్చ లైటు వెలిగేదాకా.”

“గంటల్లో చెప్పు.”

“అరగంట.”

“అరగంట! పది గంటలు పట్టేదానికి అరగంట! బుద్ధుందా నీకు?”

“లైటు వెలిగాక కూడా ఉంచితే ఉడికి పేలుతుందని హడలగొట్టింది నువ్వే కదా? పోయిన నెల ఫోన్ కూడా చేశాను. అరగంటకే నిండిపోతోంది, తేడాగా ఉంది, వచ్చి చూడమని. ‘మంచిదేగా, కరెంటు మిగులు’ అన్నావు.”

“నేనలా అనలేదు.”

“అన్నావు.”

“పనిలో ఉండి అనుంటాను.”

“ఏం పని?”

“పనంటే పని. మాట మార్చకు. తాళాలు ఇక్కడ పెట్టు.”

“తాళాలా?”

“మూసేద్దాం. ఇది నీవల్ల అయ్యేది కాదు.”

“ఇద్దరి పేరు మీదున్న కొట్టు అన్నయ్యా ఇది. ఆరేళ్లుగా ఈ చేపల్ని గుడ్ల దగ్గర్నుంచి పెంచాను. ఇది పోతే నేనెక్కడికి పోవాలి?”

“అదే ఆలోచించి ఇన్నాళ్లూ నిన్ను భరించాను.”

“భరించావా? నన్నా?”

“ఏవండోయ్! ఈ షట్టరు కింద దూరేసరికి నడుం పోయింది. ఏదీ బ్యాటరీ?”

“మెకానిక్ గారూ, మిమ్మల్నెవరు రమ్మన్నారు?”

“నేనే పిలిచాను. నా తప్పేంటో మూడో మనిషి నోట విందామని. చూడండి మెకానిక్ గారూ.”

“అక్కర్లేదు, వెళ్లండి, మేం మేం...”

“చూడనివ్వు అన్నయ్యా!”

“ఉండండి, ఉండండి. మీటరు పన్నెండు వోల్టుల పైనే చూపిస్తోంది, దొంగ వేషం. బల్బు తగిలిస్తే... ఇదిగో, ఎనిమిదికి జారింది. దీని పని ఎప్పుడో అయిపోయిందమ్మా. అరగంటలో నిండిందంటే నిండినట్టు కాదు, పట్టే చోటు లేనట్టు. జ్వరం మనిషి రెండు ముద్దలకే చాలంటాడు చూడండి, అలాగ.”

“నా చార్జింగు వల్ల కాదా?”

“మీరు కాదు కదా, దేవుడొచ్చి పెట్టినా ఇంతే.”

“మరి స్టిక్కరు చూడండి. కొని మూడు నెలలే.”

“స్టిక్కరు కొత్తదే, రాత కూడా నాదే. బ్యాటరీ మాత్రం... ఏవండీ, ఇది పోయినేడు నేను పారేయమన్నది కాదూ?”

“మీరిక వెళ్తారా?”

“కొత్తదేది అన్నయ్యా?”

“కంగారులో మారిపోయుంటుంది.”

“స్టిక్కరు కూడా కంగారులోనే మారిందా?”

“అరవకు.”

“నేను అరవట్లేదు. అడుగుతున్నాను. కొత్తదేది?”

“దానికింత గొడవెందుకమ్మా? కొత్తది భద్రంగా ఉంది. మొన్నేగా చూశాను, పెద్ద రోడ్డు మీద మీ అన్నయ్యగారి కొట్లో తొట్లన్నీ దానిమీదే నడుస్తున్నాయి.”

“అన్నయ్యగారి... ఏ కొట్టు?”

“అదేంటమ్మా, తెరిచి రెండు నెలలైతే! మీరు కనిపించలేదేమని తెరిచిన రోజే అడిగాను కూడా. చెల్లెలికి చేపలంటే విసుగొచ్చింది, పాత కొట్టు మూసేస్తోందని చెప్పారే!”