పంతొమ్మిది ఇళ్ల సుముఖత

సుముఖులట. మా సర్వే పుస్తకం నలభై రెండో పేజీలో అచ్చు వేశారు, చూడండి పిన్నమ్మా. ‘దూదేకుల వీధివారు కాలువ విషయమై సుముఖులు.’ అంటే ఏంటో తెలుసా? మీకు ఇష్టమేనని. మీ పంతొమ్మిది ఇళ్లూ పడగొట్టి కాలువ తవ్వుకోమని మీరే నవ్వుతూ చెప్పారని.

ఆ పరుపు కుట్టడం కాసేపు ఆపుతారా, సర్దార్‌బీ పిన్నమ్మా? సరే, ఆపొద్దులెండి. కుడుతూనే వినండి.

నోటీసు చూసే వస్తున్నాను. మసీదు గోడకి అంటించారు. శుక్రవారంలోగా ఖాళీ చెయ్యాలి. మీ వీధి పెద్ద గౌస్ బాషా గారు పొద్దున్నే దర్శి వెళ్లారటగా, తాసిల్దారుని బతిమాలడానికి? ఏం చెబుతాడాయన? ఇదుగో, ఈ పుస్తకమే చూపిస్తాడు.

బదులుగా స్థలాలిస్తారట, ఊరికి మూడు మైళ్లవతల రేగడి చేలో. రేగడిలో గోడ నిలుస్తుందా? ఎండకి నేల పగిలితే దాంతోపాటు గోడా పగులుద్ది. అయినా పరుపు కుట్టించుకునేవాడు దూది నెత్తిన పెట్టుకుని మూడు మైళ్లు నడిచొస్తాడా మీకోసం?

ప్రజలే ప్రభువులంటారు. ప్రభువుల ఇళ్లకేనా నోటీసులు అంటించేది?

ఢిల్లీ సర్కారూ మా కాలేజీ కలిసి చేసిన పరిశోధన అండీ ఇది. కాలువ ఎటు తవ్వితే జనానికి కష్టం తక్కువో తేల్చాలని. రెండు దారులు గీశారు. ఒకటి మునసబు గారి మిరపతోట మీదుగా, రెండోది మీ వీధి మీదుగా. మునసబు గారు ‘కోర్టుకెళ్తాను’ అన్నారు. అది ‘ఇష్టం లేదు’ అనే గడిలో రాశాం.

ఇంటింటా అడిగి రాసుకోడానికి నేను ఎంత సంబరంగా వచ్చానో మీకు గుర్తే ఉంటుంది. ‘వచ్చాడమ్మా కాయితాల పెళ్లికొడుకు’ అని మీ మరదలు షాజాదీ నవ్వింది. మీరు మజ్జిగ ఇచ్చారు. అది తాగి, మీ అరుగు మీదే కూర్చుని ఉపన్యాసం దంచాను. శాస్త్రం, ప్రణాళిక, సమసమాజం. నీళ్లొస్తే ఈ నేల మీద ఆకలే ఉండదన్నాను. ఆ మాట ఇవాళ్టికీ నమ్ముతున్నాను పిన్నమ్మా. అదే నా ఏడుపు. మీ వీధిలో ఒక్కరికీ సెంటు చేను లేదని నా కాయితంలో నేనే రాసుకున్నాను. మరి ఆ నీళ్లతో మీకేం తడుస్తుంది? ఆ ప్రశ్న కాయితంలో లేదు.

ఆ తర్వాత అడిగాను, కాలువ ఇటుగా వస్తే మీకు ఇష్టమేనా అని. మీరేమన్నారు? ‘మీ ఇష్టం బాబూ’ అన్నారు. షాజాదీ కూడా అదే. ఎదురింటి హయాత్ తల గోక్కుని గోక్కుని చివరికి అదే అన్నాడు. ఇంటికో టిక్కు పెట్టుకుంటూ పోయాను. ‘ఇష్టం’ గడిలో.

నిన్న మా ప్రొఫెసరు గారిని నిలదీశాను. ‘ఇష్టం అనే మాట ఉంది గదోయ్ అంకమ్మరావూ’ అన్నారు. దాని ముందు ‘మీ’ అని ఉంది గదండీ అన్నాను. ‘దానికి గడి లేదు’ అన్నారు.

అందుకే ఈ అర్జీ రాసుకొచ్చాను, కలెక్టరు గారికి. సర్వే తప్పని, వీధి వీధంతా కాలువకి ఎదురని. మీ అందరి వేలిముద్రలూ పడితే...

అదేంటండీ, అప్పుడే వేలు చాపారు? ఇందులో ఏం రాసుందో అడగరా? మీ ఇల్లు నాకు రాసిచ్చేసినట్టు రాసుకుంటే? నవ్వకండి. ఒక్క మాట అడగండి, చాలు.

మళ్లీ అదే మాట. నా ఇష్టమా?

ఆగండి. ముద్ర తర్వాత వేద్దురుగాని. ముందు ఇది వినండి.

ప్రొఫెసరు గారు బస్తీలో పుట్టి పెరిగినాయన, తెలీదంటే తెలీకపోవచ్చు. నాది చిలకలూరిపేట పక్కన పల్లె. మా అక్క సుబ్బరావమ్మకి రెండో పెళ్లివాడి సంబంధం ఖాయం చేసొచ్చానని మా నాన్న చెప్పినప్పుడు, మా అమ్మ అన్న మాట ఇదే. మీ ఇష్టం. అనేసి పొయ్యి దగ్గరికెళ్లి, పొగ వంక పెట్టి కళ్లు తుడుచుకుంది. నాకప్పుడు తొమ్మిదేళ్లు. ఆ మాటకి అర్థం నాకు ఎవరూ చెప్పక్కర్లేదండీ.

మీ అరుగు మీద కలం పట్టుకున్నప్పుడూ తెలుసు. మునసబు కోర్టుకెక్కితే కాలువ పదేళ్లు ఆగుతుంది. మీరెక్కరు. నాకేమో నీళ్లు రావాలి, తొందరగా రావాలి. అందుకని మీ మాటలో నాకు కావలసింది తీసుకుని, తక్కింది వదిలేశాను.

మొదటింట్లో టిక్కు పెట్టేముందు మనిషి మొహం చూశాను పిన్నమ్మా. పంతొమ్మిదో ఇంటికొచ్చేసరికి కాయితం మీంచి తలెత్తలేదు.