హెడ్డుగారు ఏ తప్పూ చెయ్యలేదు

హారన్ బాబాయి గొంతు సవరించుకున్నాడంటే టీ కొట్టాయన ఇంకో గిన్నె పాలు పొయ్యి మీద పెట్టేవాడు. కథ అంత తొందరగా తెమిలేది కాదని ఆయనకి తెలుసు. బాబాయి సిటీ బస్సు నడిపి రిటైరైన మనిషి. బస్సు హారన్ పాడైపోతే కిటికీలోంచి తల బయట పెట్టి నోటితోనే మోగిస్తూ నడిపాడని, అందుకే ఆ పేరొచ్చిందని ఆయనే చెప్పుకున్నాడు. నిజమో కాదో చూసినవాళ్ళు లేరు గానీ గొంతు మాత్రం అలాంటిదే. ఆ వీధిలో పెద్దా చిన్నా అందరికీ ఆయన బాబాయే.

ఆ గొంతు టీ కొట్టు గోడకి అవతల కుట్టుమిషను ముందు కూచున్న టైలరమ్మకి మిషను చప్పుడులో కూడా వినిపించేది. టీ కొట్టు ముందున్న పొడుగాటి బల్ల ఆవిడ షాపు గుమ్మం దాకా వస్తుంది. ఆ చివర ఒకప్పుడు ఆవిడా, ఆవిడ భర్తా కూచునేవాళ్ళు. ఆయన ఇళ్ళకి కరెంటు వైరింగు చేసే మేస్త్రి. శుక్రవారం సాయంత్రం కొట్టులో టీవీలో పోలీసు సీరియల్ వచ్చే వేళకి, ఎక్కడ ఏ పని మీదున్నా, టెస్టరు చెవి మీద పెట్టుకునే వచ్చేసేవాడు.

ఆ సీరియల్లో ఒక ఇన్‌స్పెక్టరమ్మ, ఆవిడ దగ్గర పనిచేసే ముసలి హెడ్ కానిస్టేబుల్. ఒక నగల వ్యాపారి హత్య. ఆ ఒక్క కేసే ఏడాదిగా నడుస్తోంది. హెడ్డుగారంటే మేస్త్రికి ప్రాణం. "పని చేసేది ఆయన, పేరు ఆవిడకి" అనేవాడు. టైలరమ్మకి మొదటి నుంచీ ఆయన మీదే అనుమానం. "మరీ అంత మంచితనం ఏంటండీ? సాక్ష్యం మాయమైనప్పుడల్లా ఆ గదిలోంచి ఆఖరున బయటికొచ్చింది ఎవరు?" అనేది. బల్ల మీద మొదలైన వాదన ఇంటిదాకా నడిచేది. అన్నాల దగ్గరా అదే. పడుకోబోతూ లైటు తీసేశాక కూడా, "అయినా ఆయనకేం అవసరమే?" అని చీకట్లోంచి మళ్ళీ ఎత్తుకునేవాడు.

ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం, ఎవరిదో కొత్త ఇంట్లో నిచ్చెన దిగి, మంచినీళ్ళు అడిగి, అవి వచ్చేలోపే కూలబడిపోయాడు. కేసు తేలకుండానే వెళ్ళిపోయాడు.

అప్పట్నుంచి టైలరమ్మ బల్ల మీద కూచోలేదు. టీ గ్లాసు షాపులోకే వచ్చేది. శుక్రవారం మాత్రం వెలుతురుండగానే షట్టరు దించి ఇంటికెళ్ళిపోయేది. "సీరియల్ చూట్టం మానేశాను" అని అడిగినవాళ్ళకి చెప్పింది. అందరూ నమ్మారు.

నిజానికి ఒక్క వారం కూడా వదల్లేదు. ఇంట్లో సౌండు బాగా తగ్గించి, టీవీకి దగ్గరగా కుర్చీ లాక్కుని చూసేది. పోయిన శుక్రవారం కేసు తేలింది. వ్యాపారిని చంపినవాడు హెడ్డుగారి అల్లుడు. ఆ సంగతి తెలిసి, కూతురి కాపురం కోసం, సాక్ష్యాలన్నీ ఒక్కొక్కటే మాయం చేసింది హెడ్డుగారే. ఇన్‌స్పెక్టరమ్మ ఎదురుగా కూచుని, టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని, అంతా ఒప్పుకున్నాడు. "చూశారా, నేను చెప్పలా?" అంటూ టైలరమ్మ పక్కకి తిరిగింది. పక్కన ఇస్త్రీకి తీసిన బట్టల కుప్ప ఉంది. గెలిచినందుకు ఇంత ఏడుపొస్తుందని ఆవిడ ఎప్పుడూ అనుకోలేదు.

ఈ శుక్రవారం ఒక పెళ్ళికూతురి జాకెట్టు అర్జెంటుగా ఇవ్వాల్సొచ్చి ఆవిడకి ఆలస్యమైంది. పని ముగించి, ఖాళీ గ్లాసు ఇచ్చేద్దామని గుమ్మంలోకి వచ్చేసరికి బల్ల మీద ఎప్పుడూ ఉండేవాళ్ళే ఉన్నారు. హారన్ బాబాయి, మందుల షాపాయన, ఎదుటి క్లినిక్‌లో నర్సు. సీరియల్‌కి ఇంకా టైముంది. ఆవిడని చూడగానే ముగ్గురూ మాట ఆపేశారు. అలా ఆపేస్తే బాగుండదని ముందుగా తెలుసుకున్నది బాబాయే.

"అమ్మాయీ, నువ్వు చూట్టం మానేశావు కాబట్టి నీకు తెలిసుండదు," అన్నాడు. "ఆ హెడ్డుగారి సంగతి తేలిపోయింది. ఏ తప్పూ చెయ్యలేదు. కడిగిన ముత్యంలా బయటికొచ్చాడు. అయితే, ఊరికే రాలేదనుకో. నేనొక ఫోన్ చెయ్యాల్సొచ్చింది."

టైలరమ్మ గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడిపోయింది.

"ఎవరికి బాబాయ్?" అని అడిగాడు మందుల షాపాయన. ఎవరు ఏ కోత కోసినా మొదట అడ్డం తగిలేది ఆయనే. ఇవాళ మాత్రం గొంతులో ఆ దురుసు లేదు.

"టీవీ ఆఫీసుకే. ఎవరో అమ్మాయి ఎత్తింది. 'అమ్మా, నేనేం గొప్పవాణ్ణి కాదు, బస్సు నడుపుకునేవాణ్ణి, నాదొక చిన్న మాట' అన్నాను. ఏంటండీ అంది. మీరు హెడ్డుగారిని తప్పుదోవలో నడిపిస్తున్నారు, నాకు తెలుస్తోంది, నలభై మందిని ఎక్కించుకున్నవాడు దారి తప్పకూడదు, మీరు లక్షల మందిని ఎక్కించుకున్నారు అన్నాను. అంతే. 'లైన్లో ఉండండి' అంది. ఆ తర్వాత ఎవరొచ్చారో తెలుసా? రాసేవాడు. సాక్షాత్తూ ఆ సీరియల్ రాసేవాడే. గొంతు పూడుకుపోయి ఉంది పాపం. 'అయ్యా, ఇన్నాళ్ళకి అడిగేవాడొకడు దొరికాడు, నాకు నిద్రపట్టి ఎన్నాళ్ళయిందో' అన్నాడు. ఫోన్లో కాదు నాయనా, ఇంటికి రా అన్నాను."

"వచ్చాడా?" అంది నర్సు.

"రాకేం. వాడొక్కడే వస్తే మా ఇంట్లో మంచం సరిపోయేది. డైరెక్టరు, కెమెరావాళ్ళు, ఆ ఇన్‌స్పెక్టరమ్మ, హంతకులుగా వేసేవాళ్ళు నలుగురు, ఇంకా ఈ కేసులో చచ్చిపోయిన నగల వ్యాపారి కూడా వచ్చాడు. చచ్చిపోయినవాడికి టీ ఇవ్వాలా వద్దా అని మీ పిన్ని వంటింట్లోంచి సైగ చేస్తుంది. మా వీధి మొదటి నుంచి చివరి దాకా వ్యాన్లే."

"నేను షాపు మూసేసరికి వీధి ఖాళీగానే ఉందే," అన్నాడు మందుల షాపాయన. అలవాటు కొద్దీ నోరు జారి, వెంటనే సర్దుకున్నాడు. "వెనకవైపు నుంచి వచ్చారేమో."

"వెనకవైపు నుంచే."

"వెనక మురిక్కాలవ కదా?" అన్నాడు టీ కొట్టాయన పాలు కలుపుతూ.

"పలకలు వేయించాను. అంత పెద్దమనుషుల్ని కాలవలో నడిపిస్తానా? సరే, అందర్నీ కూచోబెట్టి అడిగాను. హెడ్డుగారికి మోకాళ్ళ నొప్పి అని మొదట్లో మీరే చూపించారా లేదా? మోకాళ్ళ నొప్పి మనిషి గోడ దూకి సాక్ష్యం ఎలా ఎత్తుకుపోతాడు? ఆయన గొడుగు తడిసినట్టు చూపించారు, ఆ రోజు వాన పడిందా? అందరూ నేల చూపులు. రాసేవాడు ముక్కు చీదుకుంటున్నాడు. ఇలా కాదు, కూచుని చెప్తే మీకు ఎక్కదు, పదండి, హత్య జరిగిన దారి చూపిస్తానని డిపోకెళ్ళి నా పాత బస్సు తీశాను."

"బస్సు ఇచ్చారా?" అని నర్సు.

"అదే స్టార్టయింది, నన్ను చూసి. అందరూ ఎక్కారు. అయితే ఒక చిక్కు, తిప్పుకునే చోటు లేదు. అక్కణ్ణుంచి టీవీ ఆఫీసు దాకా రివర్సులోనే లాగించాను. దారిలో స్టాపుల్లో జనం కూడా ఎక్కారు. వాళ్ళు ముందుకు కూచుని వెనక్కి ప్రయాణం చేశారు. దిగేటప్పుడు ఒక ముసలాయన జుట్టు నల్లబడి ఉంది, నేను ఒట్టేసి చెప్తాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఇప్పటిదాకా చెప్పింది లెక్కలోకే రాదు."

టైలరమ్మ మందుల షాపాయన వంక చూసింది. ఆయన తన చేతి గడియారం వంక చూసుకుంటున్నాడు. నర్సు వంక చూసింది. నర్సు చీర కొంగు అంచుని చాలా శ్రద్ధగా మడతపెడుతోంది. అప్పుడర్థమైంది ఆవిడకి. పోయిన శుక్రవారం వీళ్ళంతా ఇదే బల్ల మీద కూచుని ఆ టోపీ తీసిన హెడ్డుని చూశారు. చూసి, ఆవిడకి తెలియకూడదని అనుకున్నారు. పోయినవాడు ఓడిపోయాడన్న మాట ఈ గుమ్మం దాటి లోపలికి వెళ్ళకూడదని నలుగురూ కలిసి ఎక్కడో ఒప్పందం చేసుకున్నారు. గ్లాసు పక్కన పెట్టేసి వెళ్ళిపోవచ్చు. వెళ్ళలేదు.

"షూటింగు దగ్గర నిలబడి, దొంగ ఎటు నుంచి వస్తాడో, ఏం ఎత్తుకెళ్తాడో, ఎక్కడ దాస్తాడో గడగడా చెప్పుకుంటూ పోయాను," బాబాయికి ఊపొచ్చింది. "హంతకుడి వేషం వేసేవాడు విని విని, 'చాలు, నేనే చంపాను' అని గోలపెట్టాడు. నువ్వు నటుడివి నాయనా, నువ్వెవర్నీ చంపలేదు అన్నా వినడు. వాణ్ణి ఊరుకోబెట్టేసరికి బయట ఇంకో గుంపు. ఎవరనుకున్నారు? నిజం దొంగలు. కండువాలు నడుముకి కట్టుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డారు. 'అయ్యా, మేం ఏది చేద్దామనుకున్నా తమరు టీవీలో ముందే చెప్పేస్తున్నారు, పెళ్ళాం పిల్లలున్నవాళ్ళం' అన్నారు. కష్టపడి బతకండిరా అన్నాను. మానేశారు. మొత్తం మానేశారు. పోలీస్ స్టేషన్లో పని లేక బఠాణీలు ఒలుచుకుంటున్నారు. ఒకరోజు స్టేషన్‌కి తాళం వేసి, తాళంచెవి ఎక్కడో పారేసుకున్నారు. తాళం తీద్దామంటే ఊళ్ళో దొంగ లేడు."

టీ కొట్టాయన గరిటె పట్టుకునే నవ్వాడు. టైలరమ్మ పెదవి కూడా కొంచెం కదిలింది. బాబాయి అది చూశాడు. చూసి, ఇంకాస్త ముందుకు జరిగి కూచున్నాడు. గొంతు మెత్తబడింది.

"ఇక రాసేవాడు నా చేతులు పట్టుకున్నాడు. రాసిందంతా చింపేశాడు. కొత్తగా రాశాడు. అదే పోయిన వారం వేశారు. హెడ్డుగారు నిర్దోషి. ఇన్‌స్పెక్టరమ్మ లేచి నిలబడి సెల్యూట్ కొట్టింది. అప్పుడు హెడ్డుగారు ఏమన్నాడో తెలుసా అమ్మాయీ? అందరూ అనుమానించినా నన్ను మొదటి నుంచీ నమ్మినవాడు ఒకడున్నాడు, వైరింగు పని చేస్తాడు, ఆయనకి నా నమస్కారం అన్నాడు. టీవీలో అన్నాడు. కావలిస్తే వీళ్ళనడుగు."

మందుల షాపాయన తలూపాడు. నర్సు కూడా ఊపింది. టీ కొట్టాయన స్టవ్వు మంట తగ్గించాడు, తగ్గించాల్సిన పనేం లేకపోయినా.

"అనలేదు బాబాయ్," అంది టైలరమ్మ.

గొంతు తను అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది.

"నేను చూశాను. ఇంట్లో చూశాను. హెడ్డుగారే చేశాడు. అల్లుణ్ణి కాపాడ్డానికి చేశాడు. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని ఒప్పుకున్నాడు. నేను మొదటి నుంచీ చెప్తూనే ఉన్నాను, మా ఆయనే వినలేదు."

బాబాయి ఖాళీ టీ గ్లాసే ఎత్తి తాగబోయాడు. ఆయన్ని ఆదుకున్నది మందుల షాపాయన.

"అయినా అది బాగోలేదమ్మా," అన్నాడు నెమ్మదిగా. "ఏడాది పాటు ఒక మనిషిని మంచివాడిగా చూపించి, ఆఖర్లో అలా తిప్పేస్తారా? అల్లుడి కోసం ఉద్యోగం పోగొట్టుకునే మామని నేనెక్కడా చూళ్ళేదు."

"అల్లుడి కోసం కాదు, కూతురి కోసం," అంది నర్సు. "ఆ పిల్ల రెండే సీన్లలో కనపడింది, అది వాళ్ళ తప్పు. ఆమెని ఇంకాస్త ముందు నుంచీ చూపించుంటే నమ్మబుద్ధేసేది."

"చూపించారు," అంది టైలరమ్మ. "మీరు సరిగ్గా చూళ్ళేదు. హెడ్డుగారు డ్యూటీలో ఉన్నప్పుడల్లా కూతురు ఫోన్ చేసేది. ఆయన ఎత్తి, ఏం మాట్లాడకుండా వినేవాడు. తండ్రి అలా వింటున్నాడంటే ఆ ఇంట్లో ఏదో ఉందని కాదూ? మోసం చేసినా చెడ్డవాడు కాదు ఆయన. చెడ్డవాడైతే అలా టోపీ తీసేవాడా? మా ఆయన అన్నదాంట్లో సగం నిజమే. మంచివాడే. చేసిందీ ఆయనే. రెండూ ఒక మనిషిలో ఉండకూడదా?"

ఇంతసేపు మాట్లాడి ఎన్నాళ్ళయిందో. చేతిలో గ్లాసు ఉందన్న సంగతే మర్చిపోయింది. టీ కొట్టాయన వచ్చి దాన్ని మెల్లగా తీసుకుని, వేడి టీ గ్లాసు చేతిలో పెట్టి వెళ్ళాడు.

"అయితే మేస్త్రి ఓడిపోయినట్టేనా?" అన్నాడు బాబాయి. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. చేత్తో తుడుచుకోలేదు, తుడుచుకుంటే తెలిసిపోతుందని.

"ఓడిపోయాడు," అంది. ఆ మాట అనేశాక గుండెల మీదనుంచి ఏదో దిగినట్టనిపించింది. "కానీ ఎవరు చెప్తారు ఆయనకి? అదే నా బాధ బాబాయ్. అన్నాళ్ళు పోట్లాడాను. గెలిచాను. చెప్పుకోడానికి మనిషి లేడు."

వీధిలో ఎవరిదో సైకిల్ వెళ్ళిపోయింది. అప్పుడు బాబాయి మళ్ళీ గొంతు సవరించుకున్నాడు.

"నేను చెప్తాలే," అన్నాడు. "పైన కూడా మనవాళ్ళున్నారు. నా బస్సులో కండక్టరు ఒకడు వెళ్ళిపోయాడు మొన్న. అక్కడ కూడా వాడు గుమ్మం దగ్గరే నిలబడి ఉంటాడు, ఎవరు ఎక్కారో ఎవరు దిగారో వాడికి తెలియకుండా జరగదు. లైను కలపమంటే కలిపేస్తాడు."

"మా ఆయన ఏమంటాడంటావు?" అని అడిగింది టైలరమ్మ, చిన్నపిల్లలా.

"ఏమంటాడు? ఆ రాసినవాడికి హెడ్డుగారి గురించి ఏం తెలుసు అంటాడు."

అచ్చం అలాగే అంటాడు. ఆ మాటే, ఆ విసురే. టైలరమ్మకి నవ్వొచ్చింది. నవ్వుతో పాటు నీళ్ళు కూడా వచ్చాయి, ఆవిడ వాటిని ఆపలేదు. నర్సు ఏమీ అనకుండా బల్ల మీద పక్కకి జరిగింది.

టీవీలో సీరియల్ పాట మొదలైంది. ఈ వారం నుంచి కొత్త కేసు. బాబాయి బొటనవేలు చెవి దగ్గర, చిటికెన వేలు నోటి దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని, "రింగవుతోంది," అన్నాడు.

"ఎత్తడు బాబాయ్," అంది టైలరమ్మ బల్ల మీద కూచుంటూ. "సీరియల్ వచ్చేటప్పుడు ఆయన ఎవరి ఫోనూ ఎత్తడు."