ఏడో అడుగు కాడ

చాయ్ కప్పులల్ల తర్వాత పోత్తువు గని, జర కూసో సునీతా. పొద్దటి సంది నా పానం పానంల లేదు. ఏమైందంటే ఏం జెప్పాలె? మద్రాసు పెద్దాయన వత్తాండు గద, మా ఎల్లస్వామి సార్ ఫొటోకు దండేసుటానికి. కరాటే పుట్టిన ఒకినావల పదేండ్లుండి నేర్చుకొనొచ్చిండట. ఆయన ముంగట నువ్వు నేర్పే నలభై మంది పిల్లలు కటా అడుగులు వరుసగ చేత్తరు. గదే నా ఫికర్.

నువ్వు సార్‌ను చూడలే బిడ్డా. ఆయన పోయి పందొమ్మిదేండ్లాయె. బక్కపల్చని మనిషి. పొద్దంత మగ్గం మీద, పొద్దుగూకితే ఖిలా కోటగోడల కాడ మాకు కరాటే. మా యాకయ్య మొదలు నవ్విండు, "చీరలు నేసెటాయన మనకేం నేర్పుతడు?" అని. సార్ కోపం జెయ్యలే. "మంచిది నాయినా, మోకాళ్లు వంచి నిలవడు, నేను చెప్పేదాక లేవకు" అన్నడు. అర్ధగంటకు యాకయ్య ఏడ్సిండు. ఆ యాకయ్యే మొన్న ఫొటోకు ఫ్రేము కట్టిచ్చిండు, గాజు మీదంత ఆయన ఏలిముద్రలే... ఏం జెప్తాన? ఆఁ, మోకాలు.

సార్ పరకాలల క్లాసు చెప్పి వచ్చేటప్పుడు స్కూటర్ మీదికెల్లి పడ్డడు. మోకాలి చిప్ప పగిలింది. మూడు నెలలకు మళ్ల వచ్చిండు. కటాల ఏడో అడుగు కాడ మర్లేటప్పుడు ఆగుడు వెట్టిండు. ఒక్క ఊపిరి తీసుకొని, అప్పుడు మర్లేది. మాకేం తెలుసు? గది గట్లనే ఉంటదనుకున్నం. మేమూ ఆగినం.

ఆఖరి దినాలల్ల దవాఖానల నా చెయ్యి వట్టుకొని చెప్పిండు. "నర్సింగం, ఆ ఆగుడు కటాల లేదురా. నాకు నొప్పి లేసి ఆగిన. పిల్లలకు సక్కగ నేర్పు." సరే సార్ అన్న. అన్న గని, ఒక్కనాడు గూడ సక్క జెయ్యలే. నీక్కూడ గట్లనే నేర్పిన. గట్ల చూడకు బిడ్డా. ఆడ ఆగినప్పుడల్ల సార్ నా పక్కకు నిలవడ్డట్టుంటది. గది తీసేత్తే నాకేం మిగులుతది?

ఇప్పుడు ఆ పెద్దాయన అడుగుతడు, "మీ సార్ తప్పు నేర్పిండా?" అని. సార్ దినం నాడు, సార్ ఫొటో ముంగట! నాకు భయమైతాంది. నువ్వు ఉరుకు, ఏడో అడుగు కాడ ఆగద్దని పిల్లలకు చెప్పు. గంటే ఉన్నది, ఉరుకు...

ఆగాగు. గ్రౌండుల పిల్లలు ప్రాక్టీసు మొదలువెట్టినట్టున్నరు. కిటికీ తియ్యి. నాలుగు... ఐదు... ఆరు...

అగో. ఆగిన్రు. నలభై మంది.

పోకు బిడ్డా. ఏం చెప్పకు పిల్లలకు. ఆయనడిగితే నేనే చెప్త, సార్ సక్కగనే చెప్పిండు, తప్పు నర్సింగంది అని. చాయ్ పొయ్యి. చక్కెర వద్దు.